గజ్వేల్ వాకిళ్ళలో వేపచెట్టు నీడ

ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉన్న గజ్వేల్ 2016 నుండి సిద్దిపేట జిల్లాలోనిది. బస్సు దిగి పల్లెదారి పడితే చాలా వాకిళ్ళలో వేపో చింతో కనిపిస్తుంది. ఆ నీడన పూలమొక్కలు రావడం లేదని చెట్టే కొట్టించాలనుకొంటున్న ఒక కుటుంబాన్ని మేము చూచాము. ఆ ఇంటి అవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

మేము అవ్వ పక్షమే. బంతి, గులాబీ ఎండ కోరేవి; వాటిని నీడకు తెచ్చి చెట్టును తప్పుపట్టడం న్యాయమా? ఏటేటా విత్తనం వేయనక్కరలేని నీడమొక్కలు మనకున్నాయి. పసుపునే చూడండి, మామిడితోటల్లో అంతరపంటగా వేసేదే గదా! తొలకరికి దుంప పెడితే వెడల్పాటి ఆకులతో వాకిలి నిండుతుంది. చలికాలం చివర ఆకు ఎండితే మొక్క చచ్చిందనుకోకండి. నేలలో దుంప బ్రతికే ఉంటుంది. కావలసినంత త్రవ్వుకొని నాలుగు దుంపలు వదలండి, మరుసటి వానలకు మొలుస్తాయి.

బోళ్ళు తోమే తడిచోట సరస్వతి ఆకు, చేమ బాగుంటాయి. చేమాకు పచ్చిది నోట పెడితే ఒకటే దురద, పిల్లలు జాగ్రత్త! పొడిగట్టున వాము ఆకు కొమ్మ గుచ్చితే చాలు, బజ్జీలకూ పనికివస్తుంది.

చెట్టు మొదలుకు ఆనుకొని మాత్రం త్రవ్వవద్దు. వేళ్ళు తెగుతాయి, పోసిన నీళ్ళూ చెట్టే త్రాగేస్తుంది. రెండు మూడు గజాల ఎడంగా పాదు చేసి, పశువుల ఎరువు వేసి, రాలిన ఆకునే పైన కప్పండి.