మొగిలి ఘాట్ ఎక్కాలంటే

2024 మే 4, శనివారం, చిత్తూరు

నాయన అంబాసిడర్‌లో హీటర్ మూసినా వేడి ఆగడం లేదు. ఈ ఎండల్లో కాళ్లకింద కుంపటి పెట్టుకున్నట్టుంది. బానెట్ ఎత్తితే సిలిండర్ హెడ్ వెనక కొసన హీటర్ వాల్వు మీట చుట్టూ పచ్చటి చిలుము, కింద నీటి చార.

"మన వూర్లో హీటరెందుకునా? ప్లేటు బిగించి మూసేస్తే పీడ పోతాది" అన్నాడు మెకానిక్. నాకు మనసొప్పలేదు. ఈ హీటర్ చలికోసం పెట్టుకున్నది కాదు. పలమనేరు పోవాలంటే మొగిలి ఘాట్ ఎక్కాలి. నిండా జనంతో, చిన్న గేర్లో ఎక్కుతుంటే ఇంజిన్ కాగిపోతుంది. నాయన అప్పుడు అద్దాలు దించి హీటర్ తెరిచేవాడు. హెడ్‌లోంచి మరిగే నీళ్లు హీటర్‌లోని చిన్న రేడియేటర్‌లో తిరిగి, వేడి మన మీద వదిలి, చల్లబడి వెనక్కి పోతాయి. మనకు చెమటలు పడితే పట్టనీ, హెడ్ గాస్కెట్ నిలుస్తుంది.

మే 9, గురువారం, చెన్నై

కొత్త వాల్వు కోసం పుదుపేట వచ్చాను. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగి ఈ నెలకు పదేళ్లు. అయినా దిగులు లేదు. దీని 1489 సీసీ ఇంజిన్, ఇంగ్లండ్ వాళ్ల ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఇంజిన్ ఒకే వంశం. ఆ కారు సామాన్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ముందే కొలుచుకున్న పాత వాల్వు కొలతతో బోల్టు రంధ్రాల మధ్య దూరం సరిచూశాకే కొన్నాను.

మే 18, శనివారం

పాత వాల్వు నట్లు తుప్పుతో కరుచుకుపోయాయి. మొండిగా తిప్పితే స్టడ్డు హెడ్‌లోనే తెగుతుంది. రాత్రంతా డీజిల్‌లో నాననిచ్చి, పొద్దున కాస్త వదులు చేసి, మళ్లీ బిగించి, మళ్లీ వదులు చేసి, అట్లా ఆడిస్తూ తీశాం. రంధ్రం నిండా ఇటుకపొడి రంగు బురద. ఏళ్ల తరబడి పోసిన బోరునీళ్ల పని ఇది. వాల్వును చంపింది కూడా అవే. ఇకమీదట కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయనివ్వను.

పాత ప్యాకింగ్ గీకి, కొత్త షీటు మీద వాల్వు ముఖం ఒత్తి, ఆ అచ్చు ప్రకారం కత్తిరించాం. కేబుల్ దగ్గర తొందరపడకూడదు. డాష్‌బోర్డు మీటనూ వాల్వునూ రెండింటినీ పూర్తిగా మూసిపెట్టి, అప్పుడే క్లిప్పు బిగించాలి. లేకుంటే లోపల మూసినట్టే ఉంటుంది, అక్కడ సగం తెరుచుకునే ఉంటుంది. తర్వాత హీటర్ తెరిచి, రేడియేటర్ మూత తీసి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపాం. మీట మూశాక వాల్వు అవతలి గొట్టం పట్టుకుంటే మెల్లగా చల్లబడుతోంది. మెకానిక్ చెయ్యి కూడా పట్టించాను.

మే 26, ఆదివారం, పలమనేరు

బంగారుపాళెం దాటి ఘాట్ మొదలయ్యాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. హీటర్ తెరిచాను. వెనక సీట్లో పిల్లలు "ఉడికిపోతున్నాం" అని గోల. రెండు మలుపులు తిరిగేసరికి ముల్లు దిగింది. ఊరు చేరాక వాల్వు కింద వేలు పెట్టి చూశా, తడి లేదు. ప్యాకింగ్ వేడికి అణిగి ఉంటుంది కాబట్టి రేపు చల్లారాక నట్లు ఇంకో పావు తిప్పు బిగించాలి.