వృద్ధానుభవం – యువసామర్థ్యం

శ్రీ గురుభ్యో నమః.

సాధక మహాశయులారా! క్రికెట్ వార్తలో ధర్మసూక్ష్మం ఉంటుందా అని సందేహించకండి. 2018లో చెన్నై జట్టు రెండేళ్ల నిషేధానంతరం ఐపీఎల్‌కు తిరిగి వచ్చినప్పుడు ముప్పై దాటినవారినే అధికంగా ఎన్నుకొన్నది. లోకం దానిని ‘డాడ్స్ ఆర్మీ’ అని పరిహసించింది. గుంటూరులో జన్మించిన అంబటి రాయుడికి అప్పుడు 32 ఏళ్లు, 2.2 కోట్లకు తీసుకొన్న ఆయన 602 పరుగులు చేశాడు. అంతిమ పోరులో 36 ఏళ్ల వాట్సన్ అజేయంగా 117 పరుగులు చేయగా, ఓడినది మన హైదరాబాదే. అనుభవం జయించింది.

2025లో 43 ఏళ్ల ధోనీ మళ్లీ నాయకత్వం వహించవలసి వచ్చింది. ఆ ఏడు చెన్నైది పది జట్లలో పదవ స్థానం. గుంటూరు యువకుడు షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు ఉపనాయకుడు. చెన్నై జట్టులో చేరి, రెండేళ్లు ఒక్క ఆటా లేక నిరీక్షించి, 2025 ఏప్రిల్‌లో లక్నోలో బరిలోకి దిగి 19 బంతులలో 27 పరుగులు చేశాడు. కాలం ఎవరి కోసమూ ఆగదు.

కురుక్షేత్రంలో భీష్ముడు సేనాపతిగా ఉన్న పది దినాలూ కర్ణుడు యుద్ధానికి దూరంగా ఉండిపోయాడు. పెద్దరికానికీ, సామర్థ్యానికీ పొత్తు కుదరకపోతే అంతటి వీరుడూ నిరుపయోగమే. అట్లని తొందరపాటూ తగదు. పద్మవ్యూహంలో ప్రవేశం నేర్చి, నిష్క్రమణం నేర్వని అభిమన్యుని గతి మనకు తెలిసినదే.

మా మేళ్లచెరువు మహాశివరాత్రి జాతరలో ఎడ్ల పందేలు ప్రసిద్ధం. అక్కడ పళ్లను బట్టి విభాగాలు ఏర్పరుస్తారు. పాలపళ్ల గిత్తను ముదురు జతలతో పోటీకి దింపరు. అట్లని కొట్టంలోనే కట్టివేయరు. దాని వయసుకు తగిన బండ దానికి ఉంటుంది. రైతులకు సహజమైన ఈ వివేకం మనకూ అవసరమే.

ఈ విచారం నాకు వినోదం కాదు. యాభై దాటిన నా కంఠం శివరాత్రి అభిషేకాలలో మూడవ యామానికే అలసిపోతున్నది. అనుభవజ్ఞుడైన పండితుని పొరుగూరి నుండి పిలిపిద్దామని కొందరు పెద్దల అభిప్రాయం. అధ్యయనం ముగించి వచ్చిన మా మేనల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. జాతర జనం మధ్య స్వరం తప్పుతుందేమోనని వారి శంక. అది అకారణం కాదు.

అయినా వేదం మనదాకా వచ్చిన తీరు చూడండి. గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు వల్లిస్తాడు. ఉదాత్తం జారితే అక్కడే సరిదిద్దుతారు. గురువు వినగలిగే రోజులలోనే శిష్యుడు పలకాలి. పండితుని పిలిపించుకొంటే ఒక రాత్రి గడుస్తుంది. పిల్లవానికి అప్పగిస్తే ఒక పరంపర నిలుస్తుంది. అందువల్ల రాబోయే శివరాత్రికి మూడవ యామం అతనిదే అని పెద్దలకు విన్నవించాను. నేను పక్కనే పీట మీద కూర్చుంటాను. ముసలితనంలో కంఠం కన్న చెవికే పని ఎక్కువ.

శ్రీ శంభులింగేశ్వరార్పణమస్తు.