మా తరగతి గదిలో భద్రతామండలి

అంతర్జాతీయ సంబంధాల విద్య అంటే పటములు, ఒడంబడికలు, తేదీలు మాత్రమే అని మేము తలచేవారము. విదేశాంగ సేవలో చేరవలెనని ఆశించే మా చేత అధ్యాపకులు ఈ సంవత్సరం ఒక సమావేశాన్ని అనుకరింపజేశారు. ఎన్నుకొన్నది మన కథే.

1948 ఆగస్టు 21న హైదరాబాదు సంస్థానం భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 16న పారిసులో 11 దేశాల మండలి ఫిర్యాదును చేపట్టింది. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. అక్కడ మాట మొదలయ్యేసరికి ఇక్కడ పని ముగిసింది. మండలి తీర్మానమేదీ చేయలేదు.

పాత్రలకు చీట్లు వేశాము. రజాకార్ల దాడిలో ఇల్లు కోల్పోయిన కుటుంబపు మిత్రునికి హైదరాబాదు ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ పాత్ర వచ్చింది. సైనిక చర్య వెంట వచ్చిన అల్లర్లలో ముత్తాతను పోగొట్టుకున్న మిత్రునికి భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్ పాత్ర వచ్చింది. ఇద్దరూ మార్చమన్నారు. అధ్యాపకులు మార్చలేదు.

పత్రాలు చాలవని, ఆనాటిని చూచిన పెద్దలను కలుసుకున్నాము. గుణాత్మక పరిశోధనలో తొలి పాఠం తప్పు చేసి నేర్చుకున్నాము. "అప్పుడు చాలా భయపడ్డారు కదా, దాదీ?" అని అడిగితే ఆమె "హా బేటా" అని ఊరకున్నది. జవాబు మేమే ఆమె నోట పెట్టితిమి. మరొకనాడు వెళ్ళి, "ఆ రోజు ఇంట్లో ఏమి జరిగింది?" అని మాత్రమే అడిగి మౌనంగా కూర్చున్నాము. పొయ్యి మీది అన్నం దించకుండానే గడప దాటినది, పొరుగింటి అమ్మ తమను గాదె వెనుక దాచినది చెప్పింది. ఆమె అనుమతితో, పేరు లేకుండా వ్రాసుకున్నాము.

ఉర్దూలో చెప్పినది ఉర్దూలోనే, తెలుగులో చెప్పినది తెలుగులోనే వ్రాసి, ఆపై పోల్చాము. రెంటిలోనూ మాటిమాటికీ వచ్చినది తలుపు: ఎవరు తట్టారు, ఎవరు తీశారు.

సమావేశం నాడు మిత్రులిద్దరూ తమవి కాని వాదాలను తడబడక వినిపించారు. ముగిసిన తరువాత ఒకరినొకరు మీ ఇంట్లో ఏమి జరిగిందని అడిగి తెలుసుకున్నారు. మూడేళ్ళుగా ఒకే బల్లపై కూర్చున్నవారు అంతవరకు అడుగలేదు.

ఎదుటివారి మాటను వారి మాటగానే విని వ్రాయగలగడమే రాయబారికి మొదటి అర్హత అని మాకు బోధపడింది. 1948 చివర పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్లు తిరిగి సేకరించిన సాక్ష్యాలు దశాబ్దాల పాటు అచ్చుకు రాలేదు. ఆనాటిని ఎరిగినవారు నేడు ఎనభై దాటినవారే. సోదర విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటి పెద్దల చెంత కూర్చోండి; తక్కువ అడగండి, ఎక్కువ వినండి.