పాత సినిమా చూశారు సరే, చూసొచ్చి ఏం చేశారు?

"ఈమధ్య ఏ పాత సినిమా చూశావు?" అని తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని ఎవర్ని అడిగినా జవాబు ఠక్కున కేష్‌లోంచి వచ్చేస్తుంది. మాయాబజార్, గుండమ్మ కథ, మిస్సమ్మ. ఆర్నెల్లు ఆగి మళ్ళీ అడగండి. అవే పేర్లు, వరస మాత్రం మారుతుంది. బెంగుళూరులో మా మిత్రబృందం కూడా ఇందుకు మినహాయింపేం కాదు. కలిసినప్పుడల్లా ఎవరేం చూశారో చెప్పుకోవడం మాకో అలవాటు. చెప్పుకోవడమంటే ఏముందీ, ఘటోత్కచుడి భోజనం గురించి నాలుగు మాటలు, సావిత్రి గురించి ఆరు మాటలు, చివర్లో "ఇప్పుడెక్కడండీ అలాంటి సినిమాలు" అని ఓ నిట్టూర్పు. అంతటితో మీటింగు క్లోజు.

ఇందులో తప్పేం లేదు లెండి. మాయాబజార్ ఎన్నిసార్లు చూసినా పాపం రాదు :) 1957 నాటి సినిమాకి 2010లో రంగులద్ది థియేటర్లలో వేస్తే మళ్ళీ టిక్కెట్లు కొనుక్కుని మరీ చూశాం. పైగా ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి గారు మా అనంతపురం జిల్లా మనిషి. 1912లో తాడిపత్రిలో పుట్టారు. మన ప్రాజెక్టు మేనేజర్లు ఆయన ఫోటో గోడకి తగిలించుకోవాలని నా అభిప్రాయం. స్క్రిప్టు మొత్తం ఖాయం అయ్యాకే షూటింగు మొదలుపెట్టేవారట. ఏ సీను ఎంతసేపు రావాలో స్టాప్‌వాచీ పెట్టి ముందే లెక్క చూసుకునేవారట. మధ్యలో "ఈ ఒక్క చిన్న మార్పు" అని వచ్చేవాళ్ళకి అక్కడ చోటు లేదన్నమాట. మన రిలీజులు, మన ఎస్టిమేట్లు తల్చుకుంటే సిగ్గేస్తుంది కదూ.

కానీ ఈమధ్య మా కబుర్లలో కేష్‌లో లేని జవాబులు మూడొచ్చాయి. వాటి గురించి చెప్దామనే ఇదంతా.

మొదటి జవాబు మా బృందంలోని తాడిపత్రి కుర్రాడిది. వాడు చూసింది కె.వి.రెడ్డి గారి సినిమానే, కాకపోతే మాయల్లేనిది. 1954లో వచ్చిన 'పెద్దమనుషులు'. ఇబ్సెన్ నాటకం ఒకదాన్ని ఆధారం చేసుకుని అల్లిన కథ. మాటలు డి.వి.నరసరాజు గారివి, సినిమాల్లో ఆయనకదే తొలి అడుగు. ఊళ్ళో అందరూ దణ్ణం పెట్టే చైర్మన్ ధర్మారావు, ఆయన చుట్టూ నలుగురు పెద్దమనుషులు, పైకి ధర్మం, లోపల భోజనాలు! నిజం మాట్లాడేవాడు ఊరికి పిచ్చివాడుగా కనపడతాడు. ఆ తిక్క శంకరయ్య వేషం రేలంగిది. ఆ యేడు తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. మా వాడి రివ్యూ ఒక్క ముక్క: "అన్నా, పేర్లు మారిస్తే మొన్నటి పేపరే." పాతాళభైరవి, మాయాబజార్‌ల మధ్యలో ఈ సినిమా కూడా తీసిన మనిషిని మనం మంత్రాలకీ మాయలకీ మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

రెండోది నాది. నేను చూసింది 1939 నాటి 'రైతుబిడ్డ', గూడవల్లి రామబ్రహ్మం గారిది. రైతు, అప్పు, జమీందారు, ఎన్నికలు. స్వతంత్రం రాకముందే ఈ కథ తీశారంటే మాటలు కాదు. జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం కూడా పెట్టించారు. తమాషా ఏంటంటే ఆ సినిమాకి డబ్బు పెట్టిన సారథి సంస్థ వెనకున్నది ఇంకో జమీందారు, చల్లపల్లి రాజా! నిజం చెప్పాలంటే సినిమాగా ఓపిక పట్టి చూడాల్సిందే. శబ్దం గరగర, నడక నిదానం. నేను చూసింది బళ్ళారి రాఘవ కోసం. స్టేజి మీద అంత పేరున్న నటుడు చేసిన సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి, రైతు వేషం. ఆయన పుట్టింది కూడా తాడిపత్రిలోనే, 1880లో. పేరులో మాత్రం బళ్ళారి.

ఈ బళ్ళారి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మూడో జవాబు అర్థం కాదు. మాది గుమ్మఘట్ట. రాయదుర్గం పక్క, కర్ణాటక సరిహద్దు మీద. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తర్వాత అనంతపురంలో కలిపారు. జిల్లా మారింది గానీ జనం మారలేదు. బట్టలకీ, ఆస్పత్రికీ, సినిమాకీ బళ్ళారే. రాయదుర్గంలో మీటర్‌గేజి రైలెక్కితే బళ్ళారిలో దిగడమే. అక్కడ ఆడేది తెలుగు సినిమానా కన్నడ సినిమానా అని మా పెద్దవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఎన్టీఆర్ ఎంతో రాజ్‌కుమార్ అంతే.

ఇక మా నేల సంగతి. వేదవతి మీద 1961లో కట్టిన భైరవానితిప్ప డ్యాము మా మండలంలోనే ఉంది. డ్యామైతే ఉంది, నీళ్ళ సంగతి మాత్రం అడక్కండి. నా చిన్నతనమంతా అందులో నీళ్ళకన్నా మేకల్నే ఎక్కువ చూశా. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే వలస. ఇదీ మా పీఠభూమి ఆల్గారిథం.

ఇప్పుడు మూడో జవాబు. ఇది మా పెద్దనాయనది. మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు, మా వాళ్ళని అడిగినట్టే ఆయన్నీ అడిగా, పాత సినిమా ఏదన్నా పెట్టమంటావా అని. పాతాళభైరవి అంటాడనుకున్నా. 'బంగారద మనుష్య' అన్నాడు. 1972లో వచ్చిన రాజ్‌కుమార్ సినిమా. బెంగుళూరు స్టేట్స్ థియేటర్లో రెండేళ్ళ పాటు ఆడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజీవ అనేవాడు బావ చనిపోతే అక్క ఊరికి వస్తాడు, అక్కడే ఉండిపోయి సేద్యం చేస్తాడు, రాళ్ళ నేలని పొలంగా మారుస్తాడు. ఆ సినిమా చూసి పట్నాలు వదిలి పల్లెలకి వెళ్ళిపోయిన కుర్రాళ్ళున్నారని కన్నడిగులు గొప్పగా చెప్తారు. ఇలాంటివి అభిమానుల అతిశయోక్తి అని నా లెక్కలో ఉండేది.

అలాంటివాడు ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలీదు.

అప్పట్లో పెద్దనాయన బళ్ళారిలో ఒక బట్టలంగడిలో గుమాస్తా. ఇరవై మూడో ఏడు. ఆ సినిమా మూడుసార్లు చూశాడట. నాలుగో నెలలో అంగడి మానేసి ఊరికొచ్చేశాడు. ఆరెకరాల మెట్ట, అందులో సగం రాళ్ళు. అప్పు చేసి బావి తవ్వించాడు. నీళ్ళు పడ్డాయి. కొన్నేళ్ళు బాగానే పండింది, రాగులు, చెనిక్కాయ, కాస్త వరి కూడా. తర్వాత బావి ఎండింది. దాని వెనక బోర్లు, ఒకటి తర్వాత ఒకటి, మొత్తం నాలుగు. ఒక దాంట్లో రెండేళ్ళు నీళ్ళొచ్చాయి. అప్పులకి మూడెకరాలు పోయింది. మా అన్న, అంటే ఆయన కొడుకు, బెంగుళూరు వచ్చి డ్రైవరయ్యాడు. ఇందులో చాలా భాగం నాకు తెలిసిందే. దీని మొదట్లో ఒక సినిమా టిక్కెట్టు ఉందన్నదే తెలీదు.

సరే, ఫోను టీవీకి కలిపి పెట్టా. పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుంది. పెళ్ళై యాభై ఏళ్ళు దాటినా ఆమె ఆ సినిమా చూడటం అదే మొదటిసారి. మధ్యలో, రాజీవ బండలు పగలగొట్టే దగ్గర, పెద్దనాయన వైపు తిరిగి అంది:

"దీన్ని జూసేనా నువ్వు ఉజ్జోగం ఇడిసింది?"

అందరం పగలబడి నవ్వాం. ఆయనా నవ్వాడు. నేను ఆగలేక అడిగేశా, "ఇప్పుడైతే విడుస్తావా పెద్దనాయనా?" అని.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ బాయి నీళ్ళతోనే మీ అత్త పెండ్లి జేస్తిమి. మీ నాయన్ను అనంతపురంలో సదివిస్తిమి. నువ్వు ఆడ కంప్యూటరు ముందర కూసున్నేది ఆ రాగుల మీదనే రా" అన్నాడు. సినిమా అయిపోయాక ఇంకో మాటన్నాడు. అందులో చివరికి రాజీవ మాట పడలేక ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. "ఆయప్ప పాయ. నేను పోల్యా. అంతే తేడా."

నేను ఇన్నేళ్ళలో చాలా సినిమా రివ్యూలు చదివా. కథనం, ఛాయాగ్రహణం, ఐదుకి మూడున్నర చుక్కలు. "చూసొచ్చి ఏం చేశారు" అనే కాలమ్ ఎక్కడా కనపడలేదు. క్లాసిక్కంటే కాలానికి నిలబడ్డ సినిమా అంటాం. సినిమా నిలబడితే సరే, దాన్ని నమ్మి నిలబడ్డ మనిషో? మంచి జరిగిందా చెడు జరిగిందా అని తేల్చడం నా వల్ల కావడం లేదు. మూడెకరాలు పోయిన మాట నిజం. నాన్న డిగ్రీ కూడా నిజం. పెద్దమ్మ మాట కూడా అబద్ధం కాదు. ఆ టిక్కెట్టు డబ్బులు ఆయనవి, కష్టం ఇద్దరిదీను.

ఇంకో సంగతి. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇవాళ ఎక్కడా దొరకదు. అప్పటి నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునేది. కాలిపోగా మిగిలిన పాత రీళ్ళని వెండి కోసం కరిగించుకున్న రోజులూ ఉన్నాయి. బ్యాకప్ లేని డేటా గతి అంతే. దక్కినవాటిని దాచడానికి 1964లో పూణేలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు, ఆలస్యంగానైనా. ప్రింటుకి ఆర్కైవ్ ఉంది. ఆ ప్రింటుని నేల టిక్కెట్టులో కూర్చుని చూసి, ఇంటికొచ్చి బతుకు మార్చుకున్న ప్రేక్షకుడికి ఏ ఆర్కైవూ లేదు. 1972లో ఇరవై మూడేళ్ళున్న మనిషికి ఇప్పుడెంతో లెక్కేసుకోండి.

కాబట్టి నా సలహా ఒక్కటే. ఈసారి పండక్కి ఇంటికెళ్ళినప్పుడు మీకు నచ్చిన పాత సినిమా కాదు, వాళ్ళడిగిన పాత సినిమా పెట్టండి. పక్కనే కూర్చోండి. ఫోను చూసుకోకుండా (ఇదే కష్టం, తెలుసు). అయిపోయాక రెండే ప్రశ్నలు అడగండి: మొదటిసారి ఎక్కడ చూశావు, చూసొచ్చి ఏం చేశావు? ఆడవాళ్ళనైతే ఇంకోటి కూడా అడగండి, చూడాలనుకుని చూడలేకపోయిన సినిమా ఏది అని. పెద్దమ్మని ఆ ప్రశ్న అడిగితే ఒకటి కాదు, ఏడు పేర్లు చెప్పింది. మొదటిది పెట్టి ఇచ్చి వచ్చా. మిగతా ఆరు సంక్రాంతికి.