రాయచోటిలో తెర, అయ్యవారు

కడప నుండి గువ్వలచెరువు ఘాటు దాటి, అక్కడి పాలకోవా రుచి చూచి, మేము రాయచోటి చేరాము. వానలు తక్కువైన ఈ సీమ నుండి ఎందరో బ్రతుకుతెరువుకై కువైట్ వెళ్లారు. వారి పిల్లలు అనేకులు అవ్వతాతల దగ్గర చదువుకుంటున్నారు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తన బడులలోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. 2023లో పెద్ద డిజిటల్ తెరలు అమర్చసాగింది. నల్లబల్లపై గీతగా ఉన్న గుండె తెరపై కొట్టుకుంటుంటే పిల్లలు కన్నార్పరు. అయితే వెనుక వరుసలో మౌనంగా ఉన్న బిడ్డను లేపేది, "మీ నాయన ఉండే దేశం చూపించమ్మా" అనే అయ్యవారి మాటే. అప్పుడు ఆ బిడ్డ తెర దగ్గరకు వస్తుంది, పాఠమూ వింటుంది.

తెరకు పాఠం తెలుసు, ఇంటి సంగతి తెలియదు. తల్లులారా, అవ్వతాతలారా, నెలకొకసారైనా బడికి వెళ్లి అయ్యవారితో మాట్లాడండి.