ఒక్క అక్షరం – ఆరు అర్థాలు

కొరియా భాషలో ‘బె’ అనే అక్షరం ఒకటుంది. బకారానికీ పకారానికీ నడుమ పలుకుతారు. దాని అర్థమేమిటంటారా? పొట్ట. పడవ కూడా. బేరిపండు కూడా!

ఈ వయసులో నీకీ కొరియా గొడవ ఎందుకని మీరడగవచ్చు. మావాడు ఉద్యోగరీత్యా సియోలు వెళ్లి, అక్కడి పిల్లనే పెళ్లాడాడు. మనవరాలికి నాలుగేళ్లు. దాని తెలుగు ‘నాన్నమ్మా’, ‘అన్నం’ దగ్గర ఆగిపోయింది. తక్కినదంతా తల్లి భాషే. సొంత మనవరాలితో మాట్లాడ్డానికి నాకు దుబాసీ కావాలా అని రోషం వచ్చి, పుస్తకం కొనుక్కుని కూర్చున్నాను.

లిపి నన్ను భయపెట్టలేదు. సెజోంగ్ అనే రాజు 1443లో 28 అక్షరాలు కల్పించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న మూలాక్షరాలు 24. హల్లునూ అచ్చునూ ఒకే గడిలో పేరుస్తారు. గుణింతం దిద్దిన చేతికి అదేమంత కష్టం? చిక్కంతా అర్థాల దగ్గరే వచ్చింది.

పొట్ట, పడవ, బేరిపండు – ఈ మూడూ అచ్చ కొరియా మాటలు. మనకు సంస్కృతం నుంచి వచ్చినట్లు వాళ్లకు చైనా నుంచి వచ్చినవి మరికొన్ని ఉన్నాయి. రెండింతలు, మూడింతలు అనేటప్పటి ‘ఇంత’ ఒక ‘బె’. పానపాత్ర ఒక ‘బె’. చాంద్రమాన సంవత్సరాదినాడు పెద్దలకు చేసే వందనం ‘సేబె’. అందులోని ‘బె’ నమస్కారం. చైనావారు ఈ మూడింటినీ వేర్వేరు గుర్తులతో రాసి, వేర్వేరుగా పలుకుతారు. కొరియావారి నోట అన్నీ ఒకటయ్యాయి. 15వ శతాబ్దంలో స్వరం హెచ్చుతగ్గులు తెలియడానికి అక్షరం ఎడమపక్క చుక్కలు పెట్టేవారట. సియోలు మాటలో ఆ స్వరాలూ పోయాయి, రాతలో చుక్కలూ పోయాయి.

మరి వాళ్లు తికమకపడరా? మనం పడుతున్నామా! ఆవు పాలు, ఆస్తిలో పాలు, గంగపాలు – పక్కమాటే దారి చూపుతుంది. అక్కడా అంతే. ఎక్కితే పడవ, చెక్కు తీస్తే పండు, నిండితే పొట్ట. దాయాది పొలం కొంటే ‘బె’ నొప్పి పుడుతుందని వాళ్ల సామెత. మనకు కడుపుమంట, వాళ్లకు కడుపునొప్పి, రోగం ఒక్కటే!

మొన్న ఒకనాడు ఫోనులో పిల్ల ఒక్కతే కనబడింది. ముఖం వాడిపోయి ఉంది. ‘‘బె...’’ అని ఆగింది. పండు కావాలా, పడవబొమ్మ విరిగిందా? రెండో మాట కోసం చెవులు రిక్కించాను. ‘‘అపాయో’’ అంది. మన అపాయానికీ దానికీ చుట్టరికం లేదు; నొప్పి పెడుతోందని అర్థం. పక్కగదిలో ఉన్న కోడలికి వినబడేలా కేకేశాను. పరుగున వచ్చి, పిల్లను ఒళ్లో వేసుకుని పొట్ట నిమిరింది.

కాస్త వామునీళ్లు పట్టమ్మా అని చెప్పాలనిపించింది. వామును వాళ్ల భాషలో ఏమంటారో రేపు నేర్చుకోవాలి.