వ్యానులో పదిమంది... హాంబర్గ్‌కి!

అది 1960 ఆగస్టు 16. లివర్‌పూల్ నుంచి ఓ వ్యాను జర్మనీకి బయల్దేరింది. అందులో జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, స్టువర్ట్ సట్‌క్లిఫ్, పీట్ బెస్ట్... అంటే బీటిల్స్. అప్పటికి వాళ్ల పేరు ఎవరికీ తెలీదు.

మేనేజర్ అలన్ విలియమ్స్, ఆయన భార్య, బావమరిది, ఇంకొందరూ కలిసి మొత్తం పదిమంది. సామాన్ల మధ్యే సర్దుకు కూర్చున్నారు. హార్విచ్ రేవులో వ్యానుని క్రేనుతో ఎత్తి ఓడలోకి దించారు. ఓడ దిగింది నెదర్లాండ్స్‌లో. అక్కడ ఆర్నెమ్ దగ్గర, రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం దగ్గర ఆగారు. అంతా రాతి ముందు కూర్చుని ఫొటో దిగారు, జాన్ తప్ప. ఆయన వ్యాను దిగనేలేదు!

అసలు భయం సరిహద్దు దగ్గర. జర్మనీలో పనిచేసేందుకు ఒక్కరికీ అనుమతి లేదు. విద్యార్థులమని చెప్పి గట్టెక్కారట. 17న హాంబర్గ్‌లోని ఇంద్రా క్లబ్బుకు చేరారు. రోజుకి మనిషికి 30 మార్కులు. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరు గంటలు పాడాలి. బస ఏ హోటల్లోనో అనుకునేరు... ఓ సినిమాహాల్లో తెర వెనకాల, మరుగుదొడ్ల పక్కన! పొద్దున్నే మొహం కడుక్కునేదీ ఆ నీళ్లతోనే.

ఆ కష్టమంతా భరించినా జార్జ్‌కి అక్కడ నాలుగు నెలలైనా నిలిచే యోగం లేకపోయింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు రాత్రి పది దాటాక క్లబ్బుల్లో ఉండకూడదు. అతనికి పదిహేడే. నవంబరులో పోలీసులు పంపించేశారు. ఒంటరిగా రైలెక్కి ఇంటిదారి పట్టాడు.